38 అడుగుల నుంచి 45కు వెళ్లాలా? పాత కేటమరాన్ కొనబోతూ ఆగాం

గాలివాటం
తొమ్మిదేళ్లుగా మా దగ్గర 38 అడుగుల కేటమరాన్, అంటే రెండు పడవ దేహాలను (హల్‌లను) పక్కపక్కన కలిపిన తెరచాప పడవ ఉంది. దాని మీద ఒకటే ఫిర్యాదు, చోటు చాలదు. అమ్మాయి, అల్లుడు, ఇద్దరు మనవలు వచ్చారంటే మా పడక వాళ్లకిచ్చి మేం సెలూన్‌లో, అంటే పడవ హాల్లో, బల్ల దించుకుని పడుకుంటాం. వచ్చే ఏడాది ఇద్దరం ఉద్యోగాలు మానేసి ఏడాదికి ఎనిమిది నెలలు నీటి మీదే ఉండాలనుకుంటున్నాం. సరిగ్గా ఇప్పుడే 45 అడుగులది ఒకటి అమ్మకానికి వచ్చింది. వయసు 12 ఏళ్లు. మొదటి ఆరేళ్లు చార్టరులో, అంటే అద్దెకు, తిరిగింది, ఆ తర్వాత ఒకే యజమాని. నాలుగు గదులు, నాలుగు మరుగుదొడ్లు. ఎడమ ఇంజను 5,800 గంటలు తిరిగింది, కుడిది 4,100. పరుపులు, కిటికీ తెరలు కొత్తవి. చూడటానికి ఎక్కిన మా ఆవిడ అరగంట దాకా దిగలేదు.

అడుగుతున్న ధర మా పాత పడవ అమ్మితే వచ్చేదానికి రెట్టింపు కన్నా కాస్త ఎక్కువ. డబ్బు సరిపోతుంది కానీ కొన్నాక పెద్దగా మిగలదు. బ్రోకరు వారంలో ఏదో ఒకటి తేల్చమంటున్నాడు. మనసు అటే లాగుతోంది, అడుగు మాత్రం ముందుకు పడటం లేదు. ఇలా పెద్దదానికి మారినవాళ్లు మీ అనుభవం చెప్పండి.

ఉప్పుగాలి
వారం గడువు ఆయన పెట్టుకున్నది, మీరు పెట్టుకున్నది కాదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. సంతకం పెట్టేదాకానే బ్రోకరు మీ ఫోను తీస్తాడు.

నీలికెరటం
నేనైతే కొనమంటాను. నాలుగేళ్ల కిందట 40 నుంచి 46కు మారాం. ఒక్క రోజు కూడా బాధపడలేదు. నీటిలో ఉండే పొడవు పెరిగేసరికి పడవ ముందుకీ వెనక్కీ ఊగడం బాగా తగ్గింది. వంతెన, అంటే రెండు హల్‌ల నడుమ ఉండే బ్రిడ్జ్‌డెక్, నీటికి ఎత్తుగా ఉంది కాబట్టి కింద నుంచి అలల దెబ్బలూ తగ్గాయి. పాతదాంట్లో ఎదురుగాలిలో వెళుతుంటే టేబుల్ కింద ఎవరో గుద్దుతున్నట్లు ఉండేది, కప్పులు ఎగిరేవి. ఇప్పుడు రాత్రి ప్రయాణంలో కూడా నిద్ర పడుతోంది. ఈ వయసులో నిద్రను మించింది ఏముంది?

సరంగు_పాత
నీలికెరటం గారు చెప్పిన సుఖం నిజమే. అయితే ఆ 46ను మీరు ఎంతమంది నడుపుతున్నారు?

నీలికెరటం
నేను, మా తమ్ముడు, ఎక్కువసార్లు వాళ్ల అబ్బాయి కూడా ఉంటాడు.

సరంగు_పాత
అదే అడగాలనుకున్నాను. గాలివాటం గారి పడవ మీద ఉండేది ఇద్దరే. రాత్రి కాపలా వేళ ఒకరు పడుకుంటారు కాబట్టి నిజానికి ఒక్కరే. అడగాల్సిన మొదటి ప్రశ్న గదుల గురించి కాదు. అర్ధరాత్రి, వానలో, ఎలక్ట్రిక్ వించ్ (తాళ్లు లాగే యంత్రం) పనిచేయనప్పుడు పెద్ద తెరచాపను మీలో ఒక్కరు దించగలరా? దించగలిగితే మిగతావన్నీ డబ్బుతో తేలిపోయే సమస్యలే.

లెక్కలమనిషి
38కీ 45కీ ఏడు అడుగులే తేడా అనుకుంటారు చాలామంది. లెక్క వేసి చూడండి. పొడవు పెరిగింది 18 శాతం. అదే ఆకారాన్ని అన్ని వైపులా అంతే నిష్పత్తిలో పెంచామనుకుందాం. తెరచాపల విస్తీర్ణం పొడవు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 1.4 రెట్లు. బరువు ఘనాన్ని బట్టి పెరుగుతుంది, అది 1.66 రెట్లు. పడవను తిరగబడకుండా పట్టి ఉంచే శక్తి, అంటే బరువును హల్‌ల మధ్య దూరంలో సగంతో గుణిస్తే వచ్చేది, పొడవు నాలుగో ఘాతాన్ని బట్టి పోతుంది. అది దాదాపు 2 రెట్లు.

ఈ చివరి అంకె వినగానే భద్రత రెట్టింపైందని సంతోషిస్తాం. కానీ దానికి రెండో ముఖం ఉంది. ఒంటి హల్ పడవ గాలి ఎక్కువైతే ఒరిగి, గాలిని తెరచాప మీద నుంచి జారవిడుస్తుంది. కేటమరాన్ ఒరగదు. ఆ బలమంతా తెరచాప స్తంభం, దాన్ని పట్టి ఉంచే తీగలు, తాళ్లు, వించ్‌లు మోయాలి. చివరికి మీ వేళ్లు మోయాలి. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 20 నాట్ల గాలి 28 అయితే ఒత్తిడి దాదాపు రెట్టింపు. పడవ ఒరగకపోవడంతో ఆ తేడా ఒంటికి తెలియదు, గాలి మీటరులోనే చూడాలి. అందుకే కేటమరాన్‌లో ఒళ్లు చెప్పే మాట వినకుండా అంకె చూసి రీఫ్ చేయాలి, అంటే తెరచాపను కుదించాలి.

ఒంటిహల్
ఇదంతా చదివాక కూడా రెండు హల్‌లు ఎందుకండీ? ఆ డబ్బుకు మంచి 42 అడుగుల ఒంటి హల్ పడవ వస్తుంది, చేతిలో సగం మిగులుతుంది. పైగా అది బోల్తా పడితే అడుగున ఉన్న సీసపు బరువు తిరిగి లేపుతుంది. కేటమరాన్ తలకిందులైతే అలాగే ఉండిపోతుంది.

రేవుపిల్ల
తలకిందులైనా తేలుతూనే ఉంటుంది, హల్‌లో నుంచి బయటపడే తలుపు కూడా ఉంటుంది. అడుగున ఆ సీసపు బరువు (కీల్) ఉన్న పడవలోకి నీరు చేరితే మునుగుతుంది. రెండూ ప్రమాదాలే, ఒకటి ఎంచుకుని దాన్ని తప్పించుకునే అలవాట్లు నేర్చుకోవాలి. ఈ గొడవ ఇక్కడ ఇరవైసార్లు జరిగింది. గాలివాటం గారి ప్రశ్న అది కాదు.

ఉప్పుగాలి
రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దని పెద్దలు చెప్పారు. మనవాళ్లు రెండింటినీ కలిపి కట్టేసి పైన వంటిల్లు కూడా పెట్టుకున్నారు. అసలు కేటమరాన్ అన్న మాటే తమిళంలోని కట్టుమరం నుంచి వచ్చింది, కట్టిన దుంగలని అర్థం.

రేవుపిల్ల
ఇక చోటు సంగతి. ఇద్దరు పిల్లలతో ఆరేళ్లుగా కేటమరాన్‌లోనే కాపురం ఉంటున్నాను కాబట్టి ఇది నా సొంత గోడు అనుకోండి. చోటు దొరికితే సామాను దానంతట అదే వచ్చి చేరుతుంది. కేటమరాన్ హల్‌లు సన్నగా ఉంటాయి, బరువు వేసిన కొద్దీ తొందరగా కిందికి దిగుతాయి. వంతెనకూ నీటికీ మధ్య ఎడం తగ్గుతుంది. నీలికెరటం గారు తప్పించుకున్నామన్న ఆ గుద్దులు మళ్లీ మొదలవుతాయి.

మేం ఒకసారి మొత్తం లెక్క రాశాం. తాగునీరు 600 లీటర్లు, అంటే 600 కిలోలు. డీజిల్ 500 లీటర్లు, సుమారు 420 కిలోలు. 10 మిల్లీమీటర్ల లంగరు గొలుసు 100 మీటర్లు, అది 230 కిలోల దాకా. ఇవి కాక బ్యాటరీలు, చిన్న పడవ, దాని మోటారు, పనిముట్లు, పుస్తకాలు, ఆరుగురు మనుషులు. నాలుగు గదుల చార్టరు పడవలో జనం వారానికి ఒక సంచి తెచ్చుకుని వెళ్లిపోతారు. మీరు ఇల్లు మొత్తం తెస్తారు. తయారీదారు ఎంత బరువు మోయవచ్చన్నాడో ఆ కాగితం తీసి చూడండి. వెళ్లినప్పుడు రెండు హల్‌ల వెనక చివర నీటి గీత ఎక్కడుందో చూడండి. నాచు పట్టిన మరక రంగు గీతకు పైన ఉంటే ఆ పడవ ఇప్పటికే బరువెక్కి ఉందన్నమాట.

గాలివాటం
రేవుపిల్ల గారూ, నిన్న వెళ్లి చూశాం. కుడి హల్ వెనక మెట్టు కింది అంచు నీళ్లలోనే ఉంది. నాచు నాలుగు వేళ్ల వెడల్పున పైకి వచ్చింది. ఎడమ వైపు అంత లేదు. జనరేటరు కుడి వైపున పెట్టారు, బహుశా అందుకు.

సుత్తిచప్పుడు
పదహారేళ్లు ఫైబర్‌గ్లాస్ మరమ్మతు యార్డులో పనిచేశాను. నాకు తెలిసింది చెబుతాను.

కొత్త పరుపులు, కొత్త తెరలు చూసి పొంగిపోకండి. పైన పటారం, లోన లొటారం అయిన పడవలు చాలా చూశాను. నేలపలకలు ఎత్తండి. స్తంభం బరువు పడే అడ్డగోడ దగ్గరికి వెళ్లండి. దాన్నే బల్క్‌హెడ్ అంటాం. అది హల్‌ను అంటుకునే మూలల్లో వేలు పెట్టి తడమండి. కేటమరాన్‌లో రెండు హల్‌లు రెండు వేర్వేరు అలల మీద ఉంటాయి కాబట్టి నడుమ ఉన్న నిర్మాణం మొత్తం మెలిపడుతూ ఉంటుంది. ఆ మెలిక మొదట బయటపడేది అక్కడే. వెంట్రుకంత పగులు, అతుకు దగ్గర తెల్లగా మారిన రెసిన్, చుట్టూ పాతగా ఉండి ఆ ఒక్కచోట మాత్రం తాజాగా ఉన్న రంగు, వీటిలో ఏది కనిపించినా ఆగండి. అడ్డగోడల్లోని తలుపులన్నీ వేసి తీసి చూడండి. ఒక్క తలుపు పై మూల మాత్రం చట్రానికి రాసుకుంటుంటే ఎందుకో కనుక్కోవాలి.

తర్వాత డెక్, అంటే పడవ పై నేల. చాలా పడవల్లో రెండు ఫైబర్ పొరల మధ్య బాల్సా చెక్కో ఫోమో ఉంటుంది. కమ్మీలు, క్లీట్‌లు (తాడు చుట్టే కొక్కేలు) బిగించిన మరల పక్క నుంచి నీరు దిగితే బాల్సా కుళ్లుతుంది. చిన్న ప్లాస్టిక్ సుత్తితో కొట్టుకుంటూ పొండి. గట్టిగా ఉన్న చోట టక్ టక్‌మని స్పష్టంగా పలుకుతుంది. పొర విడిపోయిన చోట చప్పుడు చచ్చిపోతుంది, దిండు మీద కొట్టినట్లు ఉంటుంది. ఒకసారి వింటే జన్మలో మరిచిపోరు. తేమ మీటరును మాత్రమే నమ్మకండి. అప్పుడే నీళ్లలోంచి తీసిన హల్ మీదా, వెనక లోహం ఉన్న చోటా అది పొరపాటు అంకె చూపిస్తుంది.

కొనేముందు పడవను పరిశీలించే సర్వేయరును మీరే పెట్టుకోండి. బ్రోకరు చూపించిన మనిషి వద్దు.

లెక్కలమనిషి
ఇంజను గంటల తేడా గమనించారా? 1,700 గంటలు. లంగరు వేసి బ్యాటరీల కోసం ఎడమ ఇంజను ఒక్కటే నడిపినట్లుంది. భారం లేకుండా నిదానంగా గంటలకొద్దీ తిరగడం డీజిల్ ఇంజనుకు మంచిది కాదు, లోపల మసి పేరుకుంటుంది. రెండింటి నుంచీ నూనె తీయించి పరీక్షకు పంపండి.

నీలికెరటం
చార్టరు అనగానే అందరూ ముఖం తిప్పుకుంటారు. నా పడవ కూడా చార్టరు నుంచి వచ్చిందే. వాళ్లు ప్రతి సీజనులో నూనె మారుస్తారు, పుస్తకంలో రాసి పెడతారు. మూడేళ్లు రేవులో కట్టేసి ఉంచిన తక్కువ గంటల ఇంజను కన్నా రోజూ తిరిగిన ఇంజను నయం. అరిగేవి వేరే. తలుపు పిడులు, కుళాయిలు, మరుగుదొడ్డి పంపులు, వించ్ పళ్లు, రేవు గోడకు రాసుకున్న పక్కలు. నాలుగు మరుగుదొడ్లంటే నాలుగు పంపులు, నాలుగు గొట్టాలు, హల్‌కు ఎనిమిది బెజ్జాల దాకా. నేను రెండు తీసేసి అరలు చేయించుకున్నాను.

సరంగు_పాత
నీలికెరటం గారి ఈ మాటకు పూర్తిగా ఒప్పుకుంటాను.

గాలివాటం గారూ, స్తంభాన్ని పట్టి ఉంచే తీగలు ఎప్పుడు మార్చారో రసీదు అడగండి. స్టీలు తీగ బయటికి నిగనిగలాడుతూనే కొనలు దూరే చోట లోపల చిట్లుతుంది. పదీ పన్నెండేళ్లు దాటితే చాలా బీమా కంపెనీలు కొత్తవి వేయమంటాయి. చాలా కేటమరాన్‌లలో స్తంభాన్ని వెనక నుంచి పట్టే తీగ ఉండదు, పక్క తీగలే వెనక్కి వాలి ఆ పని కూడా చేస్తాయి. ఒకటి తెగితే స్తంభం పోయినట్లే. సెయిల్‌డ్రైవ్ (ఇంజను నుంచి హల్ బెజ్జం గుండా ప్రొపెల్లరుకు దిగే గేరు కాలు) ఉంటే ఆ బెజ్జాన్ని మూసే రబ్బరు డయాఫ్రం వయసు అడగండి. ఏడేళ్లకోసారి మార్చమనే తయారీదారులున్నారు. రెండు ఇంజన్లు కాబట్టి రెండు.

అన్నీ కలిపి చూస్తే కొన్న ధరలో అయిదో వంతు మొదటి ఏడాదే పోతుందని లెక్క పెట్టుకోండి. ఆ తర్వాత ఏటా పదో వంతు. ఏనుగును కొన్నాక అంకుశం దగ్గర బేరమాడలేం. మీరు "పెద్దగా మిగలదు" అన్న మాటే నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది.

ఒంటిహల్
ఇంకో సంగతి. వెడల్పు. ఆ పడవ ఏడున్నర మీటర్లు దాటి ఉంటుంది. చాలా మెరీనాల్లో (పడవలు కట్టేసే రేవుల్లో) కేటమరాన్‌కు ఒకటిన్నర రెట్లో రెండు రెట్లో అద్దె తీసుకుంటారు, కొన్నిచోట్ల అంత వెడల్పు జాగాయే ఉండదు. నీళ్లలోంచి పైకి తీయడానికి మీ యార్డులో ఉన్న లిఫ్ట్ ఎంత వెడల్పు పడుతుందో అడిగారా?

గాలివాటం
అడగలేదు. ఇప్పుడే ఫోను చేశాను. ఏడు మీటర్లే. మా 38కి ఆరున్నర కాబట్టి ఇన్నేళ్లూ ఆ ఆలోచనే రాలేదు. ఒంటిహల్ గారికి కృతజ్ఞతలు.

ఒంటిహల్
ఒంటి హల్ పడవలవాళ్లం కూడా అప్పుడప్పుడు పనికొస్తాం.

రేవుపిల్ల
బీమా సంగతి కూడా కొనకముందే అడగండి. ఇంతకు ముందు ఏ పొడవు పడవ నడిపారని అడుగుతారు. మాకు తెలిసిన దంపతులకు మొదటి ఏడాది అనుభవం ఉన్న మూడో మనిషి పడవలో ఉండాలని షరతు పెట్టారు.

సరంగు_పాత
అన్నిటికన్నా ముందు అలాంటి పడవనే ఒక వారం అద్దెకు తీసుకోండి. ఇద్దరే వెళ్లండి. సాయానికి ఎవరినీ తీసుకుపోవద్దు. ఆ వారానికి అయ్యే ఖర్చు ఈ బేరంలో లెక్కలోకి రాదు.

గాలివాటం
బ్రోకరుకు గడువు కుదరదని చెప్పేశాం. వారం అద్దెకు తీసుకుని తిరిగి వచ్చాం. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

మొదటి మూడు రోజులు స్వర్గం. ఉదయం కాఫీ పెట్టి కప్పు అలాగే వదిలేసి పైకి వెళ్లి వచ్చినా తొణకలేదు. రేవులోకి తిప్పడం నేను భయపడినంత లేదు. రెండు ఇంజన్లు అంత దూరంగా ఉన్నాయి కాబట్టి ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి వేస్తే ఉన్నచోటే తిరుగుతుంది. అయితే పక్కగాలి కొడితే ఆ ఎత్తైన గోడలు తెరచాపలా పనిచేస్తాయి. ఆ రోజు తాడు వేయడానికి మా ఆవిడ డెక్ మీద నుంచి కిందికి చూస్తే రేవు గట్టు తన ఎత్తుకన్నా దిగువన ఉంది. దూకలేకపోయింది. గట్టు మీద ఉన్న ఎవరో కుర్రాడు తాడు అందుకున్నాడు.

నాలుగో రోజు గాలి 12 నాట్లు ఉన్నప్పుడు సరంగు_పాత గారు చెప్పిన పరీక్ష చేశాం. ఎలక్ట్రిక్ వించ్ స్విచ్ తీసేసి పెద్ద తెరచాపను చేత్తో ఎక్కించాం. నేను మూడో వంతు దాకా తిప్పి ఆగిపోయాను. ఆవిడ తిప్పింది, మళ్లీ నేను, మళ్లీ ఆవిడ. పైకి చేరేసరికి పద్నాలుగు నిమిషాలు. దించేటప్పుడు సగంలో బాటెన్ (తెరచాపలో దూర్చే బద్ద) ఒకటి స్తంభం దగ్గర పట్టేసింది. దాన్ని విడిపించాలంటే బూమ్ (తెరచాప అడుగున ఉండే అడ్డ దూలం) ఎక్కాలి, బూమ్ నా తలకన్నా మూరెడు ఎత్తున ఉంది. నేను ఎక్కుతుంటే ఆవిడ చుక్కాని వదలకుండా నన్నే చూస్తోంది. కిందికి దిగాక ఏమీ అనలేదు. రాత్రి భోజనాల దగ్గర మాత్రం అంది, "నువ్వు అక్కడి నుంచి పడితే ఈ పడవను నేను ఒక్కదాన్ని వెనక్కి తిప్పలేను."

తొమ్మిదేళ్లలో మా 38 మీద ఆవిడ ఆ మాట ఎప్పుడూ అనలేదు.

ఉప్పుగాలి
ఈ చర్చలో ఇంతవరకు వచ్చిన మాటల్లో ఇదే అసలైన మాట. ఆవిడకు నా నమస్కారం చెప్పండి.

నీలికెరటం
నేను మొదట కొనమన్నాను. ఇది చదివాక ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా ఇంట్లో మూడో మనిషి ఉన్నాడన్న సంగతి నాకు అలవాటై గుర్తులేదు. కానీ 38లోనే ఇరుక్కుని ఉండమని కూడా అనను. మీకు కావలసింది మనవలకు రెండు పడకలు, ఏడు అడుగుల పొడవు కాదు. 40, 42 మధ్య యజమాని రకం చూడండి. అందులో మూడే గదులుంటాయి. ఒక హల్ మొత్తం మీకు, రెండోది వాళ్లకు.

సుత్తిచప్పుడు
పడవ ఎత్తించి చూశారా, ఆపేశారా?

గాలివాటం
అద్దెకు వెళ్లే ముందే సర్వేయరుకు మాట ఇచ్చాను కాబట్టి ఆపలేదు. వేరే యార్డుకు తీసుకుపోయి ఎత్తించాం. నేనూ వెంట నడిచాను. డెక్ ముందు భాగంలో లంగరు మోటారు చుట్టూ సుత్తి కొడుతుంటే చప్పుడు ఉన్నట్లుండి మారింది. సరిగ్గా మీరు రాసినట్లే, దిండు మీద కొట్టినట్లు. సర్వేయరు సుద్దముక్కతో గీత గీశాడు, రెండు చేతులు చాపినంత వెడల్పు. కుడి హల్ అడ్డగోడ మూలలో కొత్త తెల్ల రంగు, దాని కింద గోరు ఆనే పగులు. తీగలకు రసీదు లేదు. యజమాని ధర కొంత తగ్గిస్తానన్నాడు.

సుత్తిచప్పుడు
ధర తగ్గించినా వద్దు. డెక్ తడి మరమ్మతు చేసుకోవచ్చు. అడ్డగోడకు రంగు వేసి దాచారంటే ఇంకా ఏమేం దాచారో తెలియదు.

గాలివాటం
వద్దని చెప్పేశాం. బయానా తిరిగి వచ్చింది. ఆ పడవ వెనక మెట్ల మీద కూర్చున్న మా మనవరాలి ఫోటో ఒకటి ఫోనులో ఉంది. అది చూసినప్పుడు కాస్త గుచ్చుకుంటుంది.

ఈలోగా మా 38లోంచి సామాను దించుతున్నాం. తూకం వేసి మరీ దించుతున్నాం, ఇప్పటికి 340 కిలోలు. వెనక మెట్టు నీళ్లలోంచి పైకి వచ్చింది. 41 అడుగుల యజమాని రకం ఒకటి ఉందని తెలిసింది, మూడు గదులు, తీగలు మూడేళ్ల కిందట మార్చిన రసీదుతో సహా. వచ్చే నెల చూడటానికి వెళ్తున్నాం.

సరంగు_పాత
వించ్ స్విచ్ ఆవిడ చేతే తీయించండి.

ఒంటిహల్
వెడల్పు?

గాలివాటం
ఆరు మీటర్ల డెబ్బై. ఫోను చేసి అడిగాకే ఇక్కడ రాశాను.